వేస్టు పట్టీ మీద బావి

పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల డబ్బాల అట్టలు అచ్చేసే ఒక ప్రెస్సులో నేను పద్నాలుగేళ్ళు ఆర్టిస్టుగా పనిచేశాను. ఆర్టిస్టు అన్నది పెద్ద మాట. మాత్ర పేరు ఎంత లావుండాలి, ఎర్ర గీత ఎక్కడ పడాలి, కంపెనీవాళ్ళు ఒప్పుకున్న రంగే అట్ట మీద పడిందా లేదా, ఇదే నా కళ. రంగు కలపడంలో మాత్రం నాకు పేరుండేది. ఆ పేరు విని ఒక మనిషి నన్ను నమ్మాడు.

తొంభైల నడుమ సంగతి. దగ్గర్లోని కెమికల్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే ముప్పై ఏళ్ళ మనిషి మా ప్రెస్సుకు వచ్చాడు. అతనూ, ఇంకో ముగ్గురు కార్మికులూ కలిసి బ్యాండు పెట్టుకున్నారు. బ్యాండంటే అందరూ బారాతులో వాయించేదే అనుకునేవాళ్ళు. పెళ్ళికి రమ్మని బయానా ఇవ్వబోయినవాళ్ళు కూడా ఉన్నారట. వీళ్ళవి రెండు డప్పులు, ఒరిస్సా నుంచి వచ్చిన వెల్డరు వాయించే గిటారు, ఇతని గొంతు. ఎవరి అండా లేకుండా సొంతంగా ఒక క్యాసెట్ రికార్డు చేసుకున్నారు. ఆరు పాటలు, ఆరూ ఇతని ఊరి బావి గురించే. ఫ్యాక్టరీల నీళ్ళు వాగులో కలిసి, భూమిలోకి దిగి, బావి నీళ్ళు ఎర్రబడ్డాయి. మడి పాడైంది. రైతు కాస్తా ఆ ఫ్యాక్టరీల్లోనే కూలీ అయ్యాడు.

అతనికి క్యాసెట్ మీదికి అట్ట కావాలి. మామూలు అట్ట కాదు.

"కలెక్టరాఫీసుల దరఖాస్తు ఇచ్చిన అన్నా. సీసాల నీళ్ళు తీస్కపోతే, గివి యాడివో మాకేం ఎరుక అన్నరు. ఫోటో పెడదామనుకున్న. ఫోటో కడిగినోడు నీళ్ళను నీలంగ సరిచేసి ఇచ్చిండు. నీళ్ళు గట్లనే ఉండాలె గద అంటడు. ఉన్న రంగు ఉన్నట్టు అచ్చేసినోడు ఒక్కడు లేడు. నీకు రంగు చిక్కుతదట గద?"

చిక్కుతుందన్నాను. ఆ మాట అనేటప్పుడు ఛాతీ ఎంత ఉబ్బిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ముందు బస్టాండు పక్క క్యాసెట్ల బండి దగ్గర నిలబడి ఒక్కో అట్టా విప్పి చూశాను. దేవుళ్ళు, సినిమా మొహాలు, జానపదమైతే డప్పు కంటే పెద్ద మొహం. ముందు భాగం, వేలెడు వీపు, వెనక మడత, అన్నీ స్కేలుతో కొలుచుకున్నాను. "కొంటవా, కొలుస్తవా?" అని బండివాడు కసురుకున్నాడు. తర్వాతి ఆదివారం అతని ఊరికి పోయి బావిలోకి వంగి చూశాను. ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. పైనుంచి చూస్తే బావి ఎట్లా కనిపించిందో అట్లాగే, గుండ్రంగా, అట్ట నిండా వేయాలని అక్కడే అనుకున్నాను. మొహాలు వద్దు, నీళ్ళే చాలు.

సీసాలో నీళ్ళు తెచ్చి ప్రెస్సు కిటికీలో పెట్టాను. ట్యూబులైటు కింద రంగు అబద్ధమాడుతుంది, పగటి వెలుతురే చూడాలి. ఎరుపు, పసుపు, సూదిమొనంత నలుపు కలిపి అట్ట ముక్క మీద పూయడం, సీసా పక్కన పెట్టి చూడడం, పారేయడం. తొమ్మిదోసారి కలిసింది. కంపెనీవాళ్ళు రంగుముక్క వెనక సంతకం పెట్టినట్టే అతనితోనూ పెట్టించాను. "నాతోని గూడ సంతకమా!" అని నవ్వుకుంటూ నెమ్మదిగా పెట్టాడు. అంత ఇష్టంగా నేను ఏ పనీ చేయలేదు.

వాళ్ళకు విడిగా అచ్చు వేయించుకునే స్తోమత లేదు. మా పనిలో దానికో దారి ఉంది. పెద్ద షీటు మీద మందుల డబ్బాలు పేర్చగా ఒక అంచున సన్నటి పట్టీ మిగులుతుంది. కోసి పారేసేదే. చిన్న చిన్న పనులు అందులో పెట్టుకుంటే కాగితమూ సిరా ఉత్తపుణ్యానికి వస్తాయి. "వేస్టుల వేస్కో, నాకేం పోతది" అన్నాడు మా సేటు. కాకపోతే ఆ షీటు మీద ఏ రంగులుంటే ఆ రంగుల్లోనే పడుతుంది. బావి రంగు ఒక్క ఐరన్ టానిక్ డబ్బాకే ఉంది. అది మూణ్ణాలుగు నెలలకోసారి వస్తుంది. అతను వారం వారం వచ్చి "టానిక్ వచ్చిందా అన్నా?" అని అడిగేవాడు. రక్తం తక్కువేమోనని మా మెషీన్ మనుషులు జాలిపడేవాళ్ళు.

టానిక్ వచ్చింది. బావి బొమ్మ ఉన్న ఫిల్ముముక్కను షీటు ఫిల్ములో పట్టీ పడే చోట అతికించాను కూడా. దాని నుంచి అచ్చు ప్లేటు చేయబోయే ముందు తెలిసింది, మొదటి షీటు పాస్ చేయడానికి కంపెనీ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని. ఆ టానిక్ కంపెనీ కూడా ఆ వాగు ఒడ్డుదే. నేను బ్లేడు తీసి బావిని గీకి ఊడదీశాను. ఎవరూ చెప్పలేదు. సేటు చెప్పలేదు, బెదిరించినవాడు లేడు. నా భయం నాకు చెప్పింది, నేను విన్నాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. టానిక్ పేరు చదివాడు, చాయ్ తాగాడు, సంతకం పెట్టి పోయాడు. పట్టీ వైపు కన్నెత్తి చూడలేదు. బావి ఉన్నా చూసేవాడు కాదు.

క్యాసెట్ మనిషికి మాత్రం "ఆర్డరు క్యాన్సిలైంది తమ్మీ" అని చెప్పాను. బొంతపల్లి జాతరలో క్యాసెట్ విడుదలని అప్పటికే అందరికీ చెప్పేసుకున్నారు. ఇక గ్యాసు మాత్రల షీటు పట్టీలో వేశాను. ఆ షీటుకున్నవి నీలం, నలుపు. బావి నిండా చల్లటి నీలం పడింది. చూడముచ్చటగా ఉంది, దరిద్రం.

"ఏం జేస్తం అన్నా, నీ తప్పా?" అన్నాడతను. నాకే ధైర్యం చెప్పాడు. జాతరలో నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. మెడ వంచి కప్పించుకున్నాను.

జాతరైన నెలకు సంగారెడ్డి కలెక్టరాఫీసుకు నన్నూ వెంటబెట్టుకుని పోయాడు. రంగు ఎందుకు తప్పిందో తెలిసినవాణ్ణి నేను చెప్తే నమ్ముతారని అతని ఆశ. దరఖాస్తు మీద క్యాసెట్ పెట్టి ఇచ్చాడు. అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ నీళ్ళకేమైందయ్యా? బాగానే ఉన్నాయిగా."

"గది అసలు రంగు గాదు సార్. ఎర్రగుంటయి. ప్రెస్సుల ఆ రంగు దొరకలే. గీ అన్ననే అడుగుండ్రి, రంగుల పని గీయనదే."

అధికారి నా వైపు తిరిగాడు. "నిజమేనా? దొరకనంత రంగా అది?"

అప్పుడైనా చెప్పొచ్చు. ఆ రంగు మా ప్రెస్సులోనే ఉందని, రెండు రోజులు మెషీన్ మీద ఆడిందని, దాని పక్క పట్టీని ఖాళీగా కోసి పారేయించింది నేనేనని. నోటిదాకా వచ్చింది. ఇన్‌స్పెక్టరూ సేటూ నా ఉద్యోగమూ అన్నీ కలిసి దాన్ని లోపలికి నెట్టాయి.

"దొరకదు సార్" అన్నాను.

"ఇన్నరా సార్," అన్నాడతను ఆశగా. "మా అన్న అబద్ధమాడడు."