మొజంజాహీ మార్కెట్టులో ఎవరి గడపా లేదు

సాయంత్రం ఏడింటికి తెనాలిలో రైలెక్కి, మర్నాడు ఆదివారం పొద్దున ఏడున్నరకు నాంపల్లిలో దిగాను. అక్కయ్య ఇల్లు స్టేషనుకు అయిదు నిమిషాల నడక. అయినా ఎదురుగా ఉన్న లాడ్జిలో మూడు రూపాయలకు గది తీసుకున్నాను. కారణం నెయ్యి.

మూడేళ్ళ కిందట మా ఇంట్లో విందుకు వచ్చిన బావగారికి రెండోసారి నెయ్యి వడ్డించడం మరిచిపోయాను. ఆయన అలిగి, ఇక మీ గడప తొక్కనన్నారు. నేనూ తక్కువ తినలేదు, మీ గడపా తొక్కనన్నాను. మధ్యలో నలిగిపోయింది అక్కయ్యే. చివరికి కార్డు రాసింది: ఆదివారం అయిదింటికి మొజంజాహీ మార్కెట్టు గడియారం కింద ఇద్దరూ కలుసుకోండి, అది ఎవరి ఇల్లూ కాదు, అక్కడా కుదరకపోతే నేను మీ ఇద్దరికీ లేనట్టే అని. ఆ ముక్కకు భయపడే బయల్దేరాను.

ఆబిడ్స్‌లో ఇడ్లీ తిని, దుకాణాల అద్దాలన్నీ చూసి, నాలుగున్నరకే మార్కెట్టు చేరాను. ఊరంతా అక్కడే ఉంది. పళ్ళు కొనేవాళ్ళకంటే కబుర్లాడేవాళ్ళే ఎక్కువ. బావగారూ ముందే వచ్చి అవతలి పక్క జామపళ్ళ కొట్టు దగ్గర నిలబడ్డారు. నన్ను చూశారు, గడియారం చూశారు. నేనూ గడియారమే చూశాను. గడియారం కిందికి ముందు ఎవరు వెళ్ళాలి? అయిదయింది, అయిదుంపావయింది. అక్కయ్య మాట గుర్తొచ్చింది, కాళ్ళు మాత్రం కదల్లేదు.

నా పక్కన మెట్టు మీద కూర్చున్న పెద్దాయన, రిటైరైన గుమాస్తా, ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

"గాడ నిలవడ్డాయన గూడ గంట సంది గడియారమే చూస్తున్నడు. ఒకళ్ళ కోసం ఒకళ్ళు వచ్చిన్రా ఏంది?"

ఔనన్నాను. సంగతంతా విని, ఆయన అవతలికి వెళ్ళి బావగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఇద్దరినీ ఐస్‌క్రీం కొట్టులో ఒకే బల్ల దగ్గర కూలేశాడు. తనకూ కలిపి మూడు సీతాఫలం కప్పులు చెప్పాడు. కప్పుల్లో ఐస్‌క్రీం కరుగుతోంది. చివరికి బావగారే చెంచా తీశారు.

"ఏమోయ్, ఇందులో నెయ్యి వెయ్యరు కదా?"

నవ్వాపుకోలేకపోయాను. ఆయనా నవ్వారు. అప్పుడు కళ్ళొత్తుకుంటూ పళ్ళకొట్ల చాటునుంచి అక్కయ్య బయటికొచ్చింది. మూడేళ్ళ తర్వాత ఆమెను చూసి నాకూ ఏడుపొచ్చింది.

ఏడున్నర రైలుకు అక్కయ్యా బావగారూ క్యారియరు పట్టుకుని స్టేషనుకొచ్చారు. ప్లాట్‌ఫారమ్మూ ఎవరి ఇల్లూ కాదుగా! మన ఇళ్ళల్లో తెగనివి నలుగురు తిరిగే చోట తెగుతాయని నాకు ఆ ఊళ్ళోనే తెలిసింది. అడుగు గిన్నె బావగారే సర్దారని అక్కయ్య చెప్పింది. భువనగిరి దాటాక తెరిచి చూస్తే, గిన్నె నిండా నెయ్యి.