పరవాలేదు అనే బిరుదు

ఆ రోజుల్లో (మరీ పాతకాలం ఊహించుకోకండి, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసిన రోజులే) తమిళనాడులో తరాలుగా ఉంటున్న మా తెలుగు ఇంట్లో గర్వానికి చాలా పేర్లుండేవి. నిటారుగా నడిస్తే నీలుగుడు, కొత్త చొక్కా తొడిగితే తిమురు, ఎదురు చెబితే కొవ్వు, ఏమీ చెయ్యకుండా గోడకానుకుని కూర్చుంటే తలకనం. అన్నీ మా అవ్వ పంచిపెట్టే బిరుదులే. ఆత్మవిశ్వాసం అన్న మాట మాత్రం ఆమె దగ్గర లేదు. నేను దాన్ని మొదటిసారి ఆంధ్రావాళ్ల వీడియో ఒకదానిలో విని, ఏదో ఉపవాసం సంగతి కాబోలనుకున్నాను. మెచ్చుకోవడానికి మా వాళ్లకున్నది ఒకటే మాట: పరవాలే. మా అక్క స్కూలు మొత్తానికీ మొదటి మార్కు తెచ్చుకున్ననాడు కూడా అవ్వ చాలాసేపు ఆలోచించి "పరవాలే" అంది. (అక్క ఆనందంతో ఏడ్చింది. పక్కింటివాళ్లు ఫెయిలయిందనుకుని ఓదార్చడానికి వచ్చారు.)

అలాంటి ఇంటినుంచి వెళ్లి కోవిల్‌పట్టిలో ఒక కడలమిఠాయి కంపెనీలో సరుకు అమ్మే పనికి చేరాను. కడలమిఠాయి అంటే మీరు పల్లీ చిక్కీ అంటారే, అదే. మా మేనేజరు మద్రాసు మనిషి. నోరు తెరిస్తే 'తన్నంబిక్కై', అంటే తన మీద తనకుండే నమ్మకం. చాటుగా ఆయన్ని నమ్మకం సార్ అనేవాళ్లం. విరుదునగర్ బజార్లో ఒక పెద్ద కొట్టు ఉంది, మా కంపెనీవాళ్లు ఎవరు వెళ్లినా ఉత్త చేతుల్తో తిరిగొచ్చేవారు. ఆ ఆర్డరు తెస్తే ఉద్యోగం ఖాయం, తేకపోతే ఇంటికి పొమ్మన్నాడు. ఉద్యోగం పోవడమంటే కళుగుమలైలో చిన్నాయన దగ్గర అగ్గిపెట్టెలకు లేబుళ్లంటిస్తూ, సాయంత్రం దాకా ఆయన ఉపన్యాసం వినడం. "రోజూ అద్దం ముందు ఛాతీ విరుచుకుని, నన్ను మించినవాడు లేడు అని చెప్పుకో" అని సార్ మందు చెప్పాడు.

మా ఇంట్లో అద్దం బీరువాకే ఉంది, బీరువా అవ్వ మంచం పక్కనే ఉంది.

"ఎవురితోరా కొట్లాట?" అంది అవ్వ.

"కొట్లాట కాదవ్వా. నన్ను నేను పొగుడుకుంటుండాను."

"పనీపాటా లేకనా?"

"పనికేనవ్వా. కంపెనీలో చెప్పినారు."

అవ్వ ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, నా తలచుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. "చూస్తివా, ఎంత దిష్టో" అంది. "నీ కన్నే నీకు తగిలుండాది."

మర్నాడు విరుదునగర్ బస్సులో దారి పొడుగునా పెదాలు కదుపుతూ సాధన చేశాను. పక్కసీటాయన సాత్తూరులో లేచి వేరే చోట కూర్చున్నాడు. కొట్టు యజమాని పేపరు చదువుకుంటున్నాడు. నేను ఛాతీ విరిచి, తమిళంలో, మా మిఠాయి వంటిది భూమ్మీద లేదని మొదలుపెట్టాను. ఆయన పేజీ తిప్పాడు. ఇది తిన్నవాళ్లు ఇంకే మిఠాయీ ముట్టరన్నాను. ఇంకో పేజీ తిప్పాడు. ఇక మిగిలింది క్రీడావార్తలే అనుకునే సమయానికి నా ఫోను మోగింది. అవ్వ. ఆమె గొంతుకు స్పీకరు అక్కర్లేదు.

"ఛాతీ ముందుకు పెట్టుకోని మాట్లాడొద్దురా. ఎదుటోళ్లకి తిమురని తోస్తాది."

పేపరు కిందికి దిగింది. "మనోళ్లా మీరు?" అన్నాడాయన, తెలుగులో. "ఏ ఊరు?"

"పుదూరు పక్కన, మామా."

"సరే. ఆ గోలంతా విడిచిపెట్టి ఇప్పుడు చెప్పు. మీ మిఠాయి ఎట్ల ఉంటాది?"

తమిళంలో అంతసేపు కోతలు కోసినవాడికి తెలుగులో ఒక్క కోత దొరకలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ భాషలో నేను దేన్నీ పొగిడి ఎరగను. పైగా అవ్వ ఇంకా లైన్లోనే ఉంది. కళ్లముందు చిన్నాయన, లేబుళ్లు, జిగురు.

"ఏమో మామా... పండ్లకి అంటుకోదు. పరవాలే" అన్నాను.

ఆయన నా వంక తేరిపార చూసి, ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. కళ్లు మూసుకుని మళ్లీ నమిలాడు. "పరవాలే" అని పెన్ను తీశాడు.

బయటికొచ్చి సార్‌కు ఫోన్ చేశాను. "ఏమన్నాడు?" "పరవాలేదన్నారు సార్." అవతల నిట్టూర్పు. "అంతేనా? నీలో నమ్మకం చాలలేదు." వారం వారం పెట్టెలు పంపమన్నాడని చెప్పాక, "అద్దం పనిచేసింది, చూశావా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అవ్వ గోడ మీదుగా పక్కింటామెతో మాట్లాడుతోంది. నేను వచ్చింది చూసుకోలేదు. "మావోడా? ఏముంది, పరవాలే" అంటోంది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయాను. ఏడవలేదు, పక్కింటివాళ్లు ఓదార్చడానికి వస్తారని.

ఇప్పుడు కొత్తగా చేరే కుర్రాళ్లకు అద్దం పాఠం చెప్పేది నేనే. ఛాతీ విరవమంటాను, గట్టిగా చెప్పమంటాను. చెప్పేముందు మాత్రం అలవాటుగా వెళ్లి తలుపు గడియ వేసొస్తాను. అవ్వ పోయి రెండేళ్లయినా, ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని వస్తుందేమోనని. ఒక్కోరోజు గడియ వెయ్యడం కావాలనే మరిచిపోతాను.