ఆయుధపూజకు నేను ఊడ్చిన కంప్యూటరు

చీపురు పట్టకుండా, దుమ్ము లేవకుండా, కుర్చీలో కూర్చుని ఒక గార్మెంట్స్ యూనిట్‌ను ఊడ్చి పారేసిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఇప్పుడు చూస్తున్నారు. నవ్వదలుచుకుంటే ముందే నవ్వుకోండి. చివర్లో కుదరకపోవచ్చు.

బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఉండేది మా యూనిట్. నేనక్కడ ఊడ్చే మనిషిని. నలభై దాటాక నాకు చదువు అంటుకుంది. అక్కడే టైలరుగా ఉన్న రత్న, మధ్యాహ్నం అన్నం డబ్బా మూసేశాక బట్టముక్కల మీద సుద్దతో అక్షరాలు దిద్దించేది. ముందు తెలుగువి, తరవాత ఇంగ్లీషువి. లేటుగా చదువు వచ్చిన మనిషి, కొత్తగా పళ్లసెట్టు కట్టించుకున్న ముసలాయన ఒకటే. కనబడినదల్లా కొరికి చూడాలి. సబ్బు కవర్లు, మందు సీసాలు, అగ్గిపెట్టెలు, దేన్నీ వదల్లేదు.

ఆ ఏడు యూనిట్ గడ్డుగా నడుస్తోంది. ఒక లైను మిషన్లు అప్పటికే మూసేశారు. చేతిలో ఉన్నది చొక్కాల ఆర్డరు ఒక్కటే. అదీ పోతే రెండో లైనూ ఇంటికే. రత్న ఉన్నది అందులోనే. ఆమె మొగుడు మంచం పట్టి ఉన్నాడు. ఇల్లు ఆమె మిషను మీదే నడుస్తోంది.

ఆయుధపూజ వచ్చింది. ఎవరి మిషను వాళ్లు తుడిచి బొట్టు పెట్టాలి. కంప్యూటరు చూసే సుజాత పండక్కి ఊరికి పోతూ నాకు అప్పగించింది.

"మునెక్కా, నా కంప్యూటరు నువ్వే తుడువు. తడిగుడ్డ పెట్టద్దు."

"పెట్టను లేమ్మా. పూలు?"

"పూలు పెట్టు. కుంకం మాత్రం తెరకు పూయద్దు."

ఇంతే చెప్పింది. నేను ఇంతతో ఆగే రకమా? హారతి వేళకు తెర వెలుగుతూ ఉండాలని కటింగ్ మాస్టరు దాన్ని ఆన్ చేసి పోయాడు. చూద్దును కదా, తెర నిండా చిన్న చిన్న బొమ్మలు, పెళ్లింటి గుమ్మం ముందు చెప్పుల్లా. సుజాత చొక్కాల కొలతలు దాచేది వాటిలోనే. కూడబలుక్కుని చదివాను. ఫైనల్. ఫైనల్ 2. కొత్త ఫైనల్. ఇదే ఫైనల్.

ఫైనల్ అంటే ఆఖరుదని రత్న ఎప్పుడో చెప్పింది. మనిషికి చావు ఒక్కసారే. చొక్కాకు మాత్రం ఇన్ని ఆఖరులెందుకు? నిండుకుండ తొణకదంటారు. నా కుండలో ఉన్నది గుక్కెడే, అందుకే అంత తొణికింది. అక్కర్లేనివి సుజాత మూలనున్న చెత్తబుట్ట బొమ్మలోకి లాగి పడేయడం, ఆ బుట్ట ఖాళీ చేయడం ఎన్నోసార్లు చూశాను. ఫైనల్ ఒక్కటి ఉంచి మిగతావన్నీ లాగి పడేశాను.

బయటి నుంచి మాస్టరు పిలిచాడు. "మునెక్కా, పొద్దు గూకతా ఉండాది. దీపం పెడతాండాము, రా."

దీపం పెట్టాక చెత్త బయటపడేస్తే లక్ష్మి పోతుందని మీకు తెలియనిది కాదు. గబగబా బుట్ట ఖాళీ చేయబోయాను. నిజంగానా అని కంప్యూటరు నన్ను అడిగింది. యెస్, నో, రెండూ చదవగలను. బుద్ధెరిగాక నా అభిప్రాయం అడిగింది అదొక్కటే. కాదని ఎలా అంటాను? యెస్ నొక్కి, లక్ష్మిని కాపాడి, హారతికి వెళ్లాను.

పండగయ్యాక మాస్టరు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "ఎవరప్పా ఇంత నీటుగా పెట్టిండేది? ఎతికే పనే లేదు. ఒకే ఫైలు ఉండాది."

"నేనే మాస్టరూ."

"మునెక్కను చూసి నేర్చుకోండప్పా."

ఆ రోజు చీపురును ఆఫీసరు గొడుగులా చంకలో పెట్టుకుని తిరిగాను. ఆ ఒక్క ఫైలు కొలతలతోనే బట్టంతా కోశారు. సుజాత ఊరి నుంచి వచ్చేసరికి కోత అయిపోయింది. వస్తూనే ఒక ముక్క పైకెత్తి చూసింది.

"మాస్టరూ, ఇది ఆర్డరిచ్చినవాళ్లు తిప్పి పంపిన కొలత గదా. భుజాలు బిగువని."

"ఫైనల్ అని ఉండాది గదమ్మా."

"అది మొదటి ఫైనల్ మాస్టరూ. అసలుది 'ఇదే ఫైనల్'."

"అది లేదే. కాపీ పెట్టలేదా?"

"పెట్టినా మాస్టరూ. శానా కాపీలు పెట్టినా. అన్నీ దాని పక్కనే."

అందరూ నావైపు తిరిగారు.

"అక్కా, బుట్టలో ఉంటాయి కదా? ఉంటే తిరిగి తీసుకోవచ్చు." సుజాత కంప్యూటరు వైపు పరుగెత్తింది.

"నిండిన చెత్తబుట్టను ఇంట్లో పెట్టుకుని దీపం పెట్టేవాళ్లు ఉంటారామ్మా? ముందే పారేసినా."

ఆ మాట కొంచెం గర్వంగానే అన్నట్టు గుర్తు.

కోసిన బట్టను మళ్లీ తానుగా చేసే కత్తెర లేదు. ఆర్డరు పోయింది. రెండో లైనూ ఆగింది. నన్నూ పొమ్మంటారని చెప్పులేసుకుని నిలబడ్డాను. ఓనరు సారు అన్నాడు, "నువ్వుండు. ఇంత ఖాళీ హాలు ఎవరు ఊడుస్తారు?"

రత్న డబ్బా, కత్తెర సంచిలో వేసుకుని వెళ్తుంటే గేటు దగ్గర పట్టుకున్నాను.

"తిట్టవే రత్నా. ఒక్క మాటన్నా తిట్టు."

"ఎట్ల తిట్టేదక్కా? యెస్ చదివేది నేర్పింది నేనే గదా." సంచి భుజం మార్చుకుని అంది, "నో కూడా నేర్పినా. అది గుర్తుకు రాలేదా?"

నవ్వింది. నేనూ నవ్వాను. బస్సొచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. తరవాత చాన్నాళ్లు మడివాళలో ఒక హాస్టల్లో చపాతీలు ఒత్తింది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఆ ఖాళీ హాలు సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇంకెవరి చెత్తనూ ఇది చెత్త అని నేను తేల్చను. ఇప్పుడు నా ఫోనులో చోటు లేదట. పనికిరానివి తీసేయనా అని రోజూ అడుగుతుంది. నో. దీపం పెట్టకముందూ నో, పెట్టాకా నో.