మామ మెడలో ముందే పడిన దండ

నేను ఏడో తరగతి దాకా చదివాను. ఏడులో రెండేళ్లు కూర్చున్నందుకు బెంచీ మీద గుంట పడిందే కానీ, నా బుర్ర మీద గీత కూడా పడలేదు. అందుకని ఇప్పుడు చెప్పబోయే ఘోరానికి చదువును తప్పుబట్టకండి. అదంతా నా సొంత తెలివే. ఒక పెద్దమనిషి నలభై ఏళ్లుగా ఎదురుచూసిన ఒక్క నిమిషాన్ని, మూడు మూరల బంతిపూలతో నేను ఉరితీసిన వైనం ఇది.

ఆ పెద్దమనిషి మా హనుమంతరాయప్ప మామ. మా ఊరు తిరుమణి చుట్టుపక్కల పౌరాణిక నాటకం అంటే, తొడ విరిగి చచ్చే రాజు వేషం ఆయనదే. ఆ చావు చూడటానికి నిడుగల్లు నుంచి ట్రాక్టర్లలో జనం వచ్చేవాళ్లు. మామ పద్యం పాడి, కిరీటం వంకర పోకుండా జాగ్రత్తగా పడి, ప్రాణం విడిచేవాడు. జనం "ఒన్స్ మోర్!" అని అరిచేవాళ్లు. శవం లేచి, దుమ్ము దులుపుకుని, హార్మోనియం మాస్టరుకు సైగ చేసి, మళ్లీ పాడి మళ్లీ చచ్చేది. ఒక్క ఆటలో మూడుసార్లు చచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

మా నాటకాల్లో ఇంకో మర్యాద ఉంది. నటుడు రాగం తీసి ఊపిరి కోసం ఆగిన చోట, అభిమాని స్టేజీ ఎక్కి దండ వేసి, మైకులో తన పేరు చెప్పుకుని దిగిపోవాలి. నటుడు ఏడుస్తున్నా సరే, ఆ ఏడుపు ఆపి, నవ్వి, దండం పెట్టి, మళ్లీ ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే అందుకోవాలి. ఇది గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోబట్టే ఇంత నాశనమైంది.

సినిమాల్లో మాత్రం మామ రాత వేరు. ఇరవై రెండు సినిమాల్లో చేశాడు. ఒకదాంట్లో వీపు. ఇంకోదాంట్లో గొడుగు కింద నడుము దాకా. మరోదాంట్లో తెల్లగుడ్డ కప్పిన శవం. "ఆ పాదాలు నావే చూడు" అని టీవీలో చూపిస్తే, రత్నత్త ఒప్పుకునేది కాదు.

"నీ కాళ్లు నాకు తెలీవా? ఆ మనిషి గోళ్లు కత్తిరించుకోనుండాడు."

అలాంటి మామకు, మా ఊరి సోలార్ పార్కులో షూటింగుకు వచ్చిన సినిమావాళ్లు మొహం కనబడే వేషం ఇచ్చారు. హీరోకు తండ్రి! పైగా మాట కూడా ఉంది: "ముప్పై ఏండ్లు ఈ ఎండను తిట్టినాను రా కొడకా. ఈ పొద్దు ఆ ఎండే మనకు కూడు పెడతాండాది." ఈ రెండు ముక్కలనూ మామ పదిహేను రోజులు మేకలకు, గొర్రెలకు, నాకు, అదే వరసలో వినిపించాడు.

"ఎట్లుండాదిరా శీనా?"

"గొర్రెలు ఏడుస్తాండాయి మామా."

"మరి నువ్వు?"

"వాటి యెనకాల లైన్లో ఉండా."

నేను ఆ పార్కులోనే సోలార్ ప్లేట్లు కడిగే పనిలో ఉన్నాను. సూర్యుడి మొహం తుడిచే ఉద్యోగం అని చెప్పుకునేవాణ్ణి. ఆ హోదాతోనే షూటింగులో ముందు వరుసలో నిలబడ్డాను. చేతిసంచిలో పావగడ నుంచి తెచ్చిన దండ. అత్త ముందే హెచ్చరించింది.

"అంతా అయినంక వేయి. నీకు ఆత్రం జాస్తి."

"నేనేమన్నా చిన్నోణ్ణా అత్తా?"

"చిన్నోడైతే చెప్తే ఇంటాడు."

పొద్దు ప్లేట్ల వెనక్కి దిగే ఆ పది నిమిషాల్లోనే తీయాలట. రెండోసారి తీయడానికి వెలుతురు ఉండదు. మర్నాటికి హీరో ఉండడు. మొదటి మాట అన్నాక కాస్త ఆగి, రెండో మాట అనాలట. ఇదంతా డైరెక్టరు మామ చెవిలో చెప్పాడు. ఒకరి చెవిలో చెప్పింది నాకెలా తెలుస్తుంది చెప్పండి?

"యాక్షన్!" అన్నారు.

మామ ప్లేట్ల వైపు చూశాడు. గొంతు వణికింది. "ముప్పై ఏండ్లు ఈ ఎండను తిట్టినాను రా కొడకా..."

ఆగాడు. కళ్లలో నీళ్లు. నా చెయ్యి సంచిలోకి పోయింది. మామ ఆగాడంటే ఏమిటి అర్థం? పైగా ఆయన తల మీద, పొడుగాటి కర్రకు వేలాడుతూ, గొర్రె తోకలా ఉన్ని చుట్టిన మైకు! మైకు కనబడ్డాక ఊరుకునే వంశమా మాది?

గబగబా నడిచి వెళ్లి మెడలో దండ వేశాను. మైకు అందకపోతే ఎగిరి మరీ అరిచాను. "ప్లేట్లు కడిగే శీనప్ప తరపున మా మామకు పూలదండ!"

మామ నన్ను తోసెయ్యాలా వద్దా? నలభై ఏళ్ల అలవాటు తోయనిస్తుందా? ఏడుపు ఆపాడు. పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. కెమెరాకు నిండుగా దండం పెట్టాడు. మళ్లీ ఏడుపులోకి దిగి, "ఈ పొద్దు ఆ ఎండే మనకు..." అని అందుకున్నాడు.

"కట్! ఎవడ్రా వాడు?"

"శీనప్ప సార్." పేరు మైకులో సరిగ్గా పడలేదేమోనని ఊరి పేరు కూడా చేర్చాను. "తిరుమణి."

"షాట్ మధ్యలో ఎందుకొచ్చావయ్యా?"

"మామ గ్యాప్ ఇచ్చినాడు గదా సార్."

డైరెక్టరు పడమటికి చూశాడు. సూర్యుడు లేడు. రోజూ మొహం తుడిచేవాణ్ణన్న విశ్వాసం కూడా లేకుండా వెళ్లిపోయాడు. మామ దండ తీయకుండానే, "సార్, ఒన్స్ మోర్..." అన్నాడు చిన్నగా. అన్నేళ్లుగా జనం చేత అనిపించుకున్న మాటను మొదటిసారి తనే అడుక్కున్నాడు. డైరెక్టరు కుర్చీ మడిచేశాడు.

ఆ తర్వాత ఆరు నెలలు మామ ఉన్న వీధిలో నేను అడుగు పెట్టలేదు. సినిమా వచ్చిందని అత్తే కబురు పెట్టింది. టెంపో కట్టుకుని పావగడ పోయాం. అరగంట అయినా ప్లేట్ల సీను రాలేదు. మామ కుర్చీలో అంగుళం అంగుళం జారిపోతున్నాడు. అప్పుడు హీరో మొదటిసారి తన ఇంట్లోకి వచ్చాడు.

గోడ మీద పెద్ద ఫోటో. మెడలో నా బంతిపూలు. చేతులు జోడించి, పళ్లన్నీ చూపిస్తూ మా మామ!

కథలో తండ్రిని ముందే చంపేసి, నేను పాడుచేసిన ఆ ముక్కలోంచి ఫోటో కట్టించారన్నమాట. ఇక చూడండి. హీరోకు దెబ్బలు తగిలితే ఫోటో ముందు ఏడుపు. పెళ్లి కుదిరితే ఫోటోకు నమస్కారం. చివర్లో ఫోటో మీదే ప్రమాణం. తిరుమణి జనం ఈలలకు థియేటరు రేకులు అదిరాయి.

"ఈసారి గుర్తుపట్టినా" అంది అత్త కళ్లు తుడుచుకుంటూ. "గోళ్లు కనపడ్లేదు గానీ, పండ్లు మాత్రం నీవే."

బయటికి రాగానే మామ కాళ్ల మీద పడ్డాను. "మామా, పావగడ శనిమహాత్ముని సాక్షిగా చెప్తాండా. పానముండే మనిషి మెడలో నేనింక దండ ఎయ్యను. నా పెండ్లిలో గూడా పెండ్లికూతురు తన దండ తానే ఏసుకోవాల్సిందే!"

"లెయ్‌రా, ఒట్లు వద్దు" అన్నాడు మామ. "మాట్లాడింటే ఒక్క నిమిసం కనపడింటా. నువ్వు సంపినావు గాబట్టి సినిమా అంతా ఉండా. నేను నిజంగా పొయ్యే దినం ఇంగొక దండ ఎత్తుకోని రా. ఆ పొద్దు మాత్రం లేసి దండం పెట్టను."

రెండడుగులు వేసి ఆగాడు. అదే గ్యాప్. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"జనం ఒన్స్ మోర్ అంటే మాత్రం చెప్పలేనప్పా."