కుడి చక్రం పట్టని ఎమ్మిగనూరు బస్సు

1957 ఎండాకాలం. ఆదోనిలో పత్తి ప్రెస్సుల పక్క వీధిలో నా మెకానిక్ షెడ్డు. ఎమ్మిగనూరు రూటులో ప్రైవేటు బస్సు నడిపే హుసేనప్ప ఒక ఉదయం బస్సు తెచ్చి నిలిపాడు. వెంట భార్య ఈరమ్మ ఉంది. ముందురోజు ఎద్దులబండి అడ్డం వస్తే బ్రేకు తొక్కాడట. బస్సు ఎడమకు లాగేసి చేను గట్టు మీదికెక్కింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ మనిషి బెదిరిపోయాడు.

"బండిని ఏమనొద్దన్నా. టైఫాయిడ్ వచ్చినప్పట్నుంచి నా చేతిలో సత్తువ లేదు. సాయంత్రం తాళాలు ఓనరుకిచ్చేస్తా" అన్నాడు.

"బాయిలో నీళ్లు చేదేది ఈయప్పే. చేతికేమీ కాలేదని సెప్తే ఇనడన్నా" అంది ఈరమ్మ. పట్టుబట్టి షెడ్డుకు తీసుకొచ్చింది ఆమే.

అప్పటి బస్సులకు ముందు చక్రాల్లో డ్రమ్ బ్రేకులు. పెడల్ తొక్కితే ఆయిల్ గొట్టాల గుండా వీల్ సిలిండర్‌లోకి తోసుకొస్తుంది. అది లైనింగ్ అనే రాపిడి పట్టీ వేసిన వంపు ఇనుప షూలను, చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకు అదుముతుంది. రెండు వైపులా సమానంగా పట్టాలి. ఒకటే పడితే బండి అటు లాగుతుంది.

వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు భాగం జాకీతో ఎత్తాను. పెడల్ తొక్కమని ఈరమ్మను అడిగాను. కొంగు దోపుకుని, ఎన్నడూ కూర్చోని డ్రైవరు సీట్లో కూర్చుంది. బండి కదలదు కదా అని రెండుసార్లు అడిగి, గట్టిగా తొక్కింది.

"నువ్వే తిప్పి చూడప్పా" అన్నాను హుసేనప్పతో.

ఎడమ చక్రం కదల్లేదు. కుడిది అతని చేతికిందే గిర్రున తిరిగింది. దాన్ని ఆపి, మళ్లీ తిప్పాడు.

కుడి డ్రమ్ము విప్పితే వీల్ సిలిండర్ కారి, లైనింగ్ ఆయిల్‌తో తడిసిపోయి ఉంది. సిలిండర్‌లో రబ్బర్లు, ముందు రెండు చక్రాలకూ లైనింగులు మార్చాను. గొట్టాల్లో చేరిన గాలిని తీసేయడాన్ని బ్లీడింగ్ అంటాం. దానికి పెడల్ దగ్గర ఒకరుండాలి. ఈరమ్మే తొక్కింది. కింద నేను చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ వదులు చేస్తుంటే బుడగలు పోయి ఆయిల్ తేటగా వచ్చింది.

ఖాళీ రోడ్డు మీద హుసేనప్ప స్టీరింగ్ వదులుగా పట్టుకుని బ్రేకు వేశాడు. బస్సు తిన్నగా ఆగింది. ఇంజిన్ ఆపి, స్టీరింగ్ మీది తన చేతుల్ని చూసుకున్నాడు. వెనక సీట్లోంచి ఈరమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"రేపు డూటీకి పోతా" అన్నాడు, ఆమె వైపు తిరక్కుండానే.

బండి బాగైందని నోటితో చెబితే బెదిరిన డ్రైవరుకు చాలదని నాకు ఆ రోజే అర్థమైంది. తప్పు తనది కాదని అతని చేతికే తెలియాలి.