ఎడమవైపు తిరిగి పడుకునే చోటు

ఆసుపత్రిలో ఆవిడని అందరూ పేగుల డాక్టరమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి. పెద్దపేగులో పుళ్లు పడి, ఏళ్ల తరబడి నెత్తురు విరేచనాలతో కుమిలేవాళ్లకి ఆవిడే దిక్కు. డబ్బున్న దేశాల నిపుణులు ఈ జబ్బుకి రాసుకున్న చికిత్సా సూత్రాలను ఇక్కడి ఆసుపత్రులకు తగ్గట్టు మార్చే కమిటీలో ఆవిడని వేశారు. ఆ కమిటీలో టీ కన్నా ఎక్కువ ఖర్చయింది "స్థానిక పరిస్థితులు" అన్న మాటే.

పేచీ ఒక్క మందు దగ్గర వచ్చింది. పడుకోబోయే ముందు వెనకనుంచి పేగులోకి ఎక్కించుకునే ద్రవం. ఎక్కించుకున్నాక ఎడమవైపు తిరిగి కదలకుండా పడుకోవాలి.

"తీసెయ్యండి సార్," అంది డాక్టరమ్మ. "మనవాళ్లకి పనిచెయ్యదిది. రోజూ నా కళ్లముందుండే మనిషికే ఇచ్చి చూశాను. చివరికి స్టెరాయిడ్ మాత్రలకి దిగక తప్పలేదు."

కళ్లతో చూశానన్నాక కాదనేదెవరు? అధ్యక్షుడైన పెద్ద డాక్టరు ఆ పేరా కొట్టేశాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, వంటింట్లో ఆ కబురే గొప్పగా చెప్పింది డాక్టరమ్మ. అత్తగారు బీన్స్ ఈనెలు తీస్తోంది. స్టెరాయిడ్ మాత్రల వల్ల ఆవిడ మొహం గుమ్మడిపండులా ఉబ్బి ఉంది.

"ఇక ఆ మందు ఎవరికీ రాయం అత్తయ్యా. తీయించేశాను."

"మంచి పని చేశావమ్మా. ఎవరు పెట్టుకుంటారు దాన్ని!"

"మీరు పెట్టుకున్నారుగా?"

ఈనె తీసే చెయ్యి ఆగింది.

"ఎక్కడ పెట్టుకోమన్నావ్? హాల్లోనా? మీ మామయ్య టీవీకీ, పిల్లల పుస్తకాలకీ మధ్యనా? ఇంటికంతా పడకగది ఒక్కటే. అందులో మీరిద్దరూ గడియ వేసుకుంటారు."

"మరి రోజూ అడిగితే వాడానన్నారు!"

"అడిగావులే, కూరలో ఉప్పు వేశారా అన్నట్టు. వేశానన్నాను. మందు తీసుకెళ్లి సింకులో పోశాను." గొంతు తగ్గించింది. "ఎవరితోనూ అనకు తల్లీ. సిగ్గుతో చచ్చిపోతాను."

డాక్టరమ్మ చెవులు వేడెక్కాయి. అత్తగారి పెద్దపేగుని మలుపు మలుపునా కెమెరా తెర మీద చూసిన మనిషి తను. అత్తగారి పక్క ఎక్కడ వేసుందో మాత్రం చూడలేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే, ఆ మందుతో నయమయ్యేవాళ్లందరి మొహాలూ అనవసరంగా ఇలాగే ఉబ్బుతాయి. తెరిస్తే అత్తగారి పరువు.

తర్వాతి సమావేశంలో సగం నిజంతో గట్టెక్కుదామని చూసింది. "ఆ రోగి మందు సరిగ్గా వాడలేదట సార్."

"రోజూ మీ కళ్లముందుండే మనిషన్నారు కదమ్మా. మీకు తెలియకుండా ఎలా?"

"మా అత్తగారండీ." తల దించుకుంది. "మందు వాడలేదావిడ. వాడుకోవడానికి ఇంట్లో చాటు లేదు. నేనివ్వలేదు."

"అయితే స్థానిక పరిస్థితి అంటే మేడమేనన్నమాట!" అన్నాడో కుర్ర సర్జను. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, ఏడిస్తే ఇంకా బాగోదని.

కొట్టేసిన పేరా తిరిగి వచ్చింది, కింద కొత్త వాక్యంతో: ఈ మందు రాసే ముందు, రోగి ఎక్కడ పడుకుంటారో, అక్కడ చాటుందో లేదో అడగాలి.

ఇంటికొచ్చి మొగుడి చేత తమ పరుపు హాల్లోకి లాగించింది. గది అత్తగారికిచ్చింది. దాచడం చేతకాక, కమిటీలో చెప్పేశానని కూడా చెప్పింది.

"మగాళ్లున్నారా?" అని మాత్రం అడిగింది అత్తగారు.

ఉన్నారు. ఎక్కువమంది వాళ్లే. డాక్టరమ్మ వంగి పరుపు మీద దుప్పటి సర్దింది. అత్తగారు మందు తీసుకుని గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది.

పొద్దున పిల్లలు స్కూలుకి వెళ్లేదాకా ఆగి, పక్కన కూర్చుని, మెల్లగా అడిగింది కోడలు. "పెట్టుకున్నారా అత్తయ్యా? ఇబ్బందిగా లేదుగా?"

అత్తగారు కోడలి వైపు మొహం తిప్పకుండా జవాబిచ్చింది.

"పెట్టుకున్నానండీ, డాక్టరుగారూ."