శుక్రవారం పన్నెండు దాటాక

2023 వర్షాకాలం. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద మాది చిన్న ఐటీ సంస్థ. సొంతంగా కంప్యూటర్ విభాగం పెట్టుకోలేని కంపెనీల మెయిల్ సర్వర్లను మేం చూసుకుంటాం. నేను చేరి ఏడాది కాలేదు, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. మనుషులతో మాట్లాడే అవసరం తక్కువ ఉంటుందనే ఈ పనిలోకి వచ్చాను. కొండపల్లి బస్సులో నవల చదువుకోవడం, పగలంతా స్క్రీన్ చూడటం, ఇంటికెళ్లి డైరీ రాసుకోవడం. ఇంతకంటే ఏం కావాలి అనుకునేదాన్ని.

నాకు అప్పజెప్పిన క్లయింట్ రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ. ఆఫీసు విజయవాడలో, రొయ్యలు శుభ్రం చేసి ప్యాక్ చేసే ప్లాంటు బందరు దగ్గర. వాళ్లకు మెయిల్ సర్వర్లు రెండు, చోటుకొకటి. మెయిల్స్ అన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. ఆఫీసు సర్వర్‌లో జరిగే ప్రతి మార్పూ చిన్న చిన్న లాగ్ ఫైళ్లుగా ప్లాంటు సర్వర్‌కు వెళ్తుంది. అది వాటిని తన కాపీలో కలుపుకుంటూ ఉంటుంది. మొదటి సర్వర్ ఆగితే రెండోది పని అందుకుంటుంది. దీన్నే ఫెయిలోవర్ అంటాం. ఇది అర నిమిషంలో అయిపోవాలి. ఆఫీసులో పని చేసుకునేవాళ్లకు జరిగినట్టు కూడా తెలియకూడదు.

నెలకోసారి, ఒప్పందంలో రాసుకున్నట్టు ఒక శుక్రవారం, అప్‌డేట్లు వేయడానికి, మేమే కావాలని ఆఫీసు సర్వర్‌ను ఆపి పనిని ప్లాంటు సర్వర్‌కు మార్చేవాళ్లం. వరసగా మూడు నెలలు ఆ మార్పుకు అరగంట పైనే పట్టింది. అంతసేపూ మెయిల్ లేదు. మూడోసారి ఒక విదేశీ కొనుగోలుదారుకు రేటు ఆలస్యంగా చేరి, ఆర్డరు వేరేవాళ్లకు పోయింది. ఆ కంపెనీ మేనేజరు సాంబశివరావు గారు మా బాస్ రమేష్ గారికి ఫోన్ చేశారు. స్పీకర్‌లో నేనూ విన్నాను.

"ఏవండీ, మా రొయ్య ఐసులో పెట్టినా పాడవుద్ది గానీ, మీ మాట మాత్రం ఎప్పుడూ ఫ్రెష్షేనండీ. ఈసారి చూస్తాం, ఈసారి చూస్తాం! వచ్చేసారి కూడా ఇట్టాగే అయితే హైదరాబాదోళ్లకి ఇచ్చేస్తాం."

ఫోన్ పెట్టేశాక రమేష్ గారు నా వైపు చూశారు. "ఈ క్లయింట్ పోతే నిన్ను ఉంచుకోవడం నా వల్ల కాదు ఎస్తేరూ. ముందే చెప్తున్నా."

వెతకడం మొదలుపెట్టాను. రెండు చోట్ల మధ్య ఉన్న లైన్ బాగుంది. డిస్కులు బాగున్నాయి. సెట్టింగులు ఒక్కొక్కటీ మాన్యువల్‌తో పోల్చాను. ఒక మంగళవారం సాయంత్రం వాళ్లకు చెప్పి ఫెయిలోవర్ చేసి చూశాను. ఇలా నొక్కానో లేదో అలా అయిపోయింది. శనివారం మధ్యాహ్నం చేశాను. అప్పుడూ అంతే. నేను పరీక్షించినప్పుడల్లా బుద్ధిగా ఉండి, నిజంగా పని పడే శుక్రవారం మాత్రం మొరాయించేది.

"శుక్రవారం సర్వర్‌కి ఏమవుతుంది సార్?" అని రమేష్ గారిని అడిగాను.

"శుక్రవారం ఇంట్లోంచి లక్ష్మిని బయటికి పంపరు కదా, మెయిల్ని కూడా పంపదేమోలే" అన్నారు. నవ్వాలో లేదో తెలియలేదు.

పాత రిపోర్టులు మళ్లీ తీశాను. కాపీ క్యూ అని ఒక అంకె ఉంటుంది, ప్లాంటుకు ఇంకా చేరాల్సిన లాగ్ ఫైళ్లు ఎన్నో అది చెబుతుంది. ఆ శుక్రవారాల్లో పన్నెండు దాకా అది సున్నా. మేం పని మొదలుపెట్టగానే వందల్లోకి పోయింది. ఫెయిలోవర్ ఎక్కడో ఇరుక్కుంటోంది, అందుకే ఫైళ్లు పేరుకుంటున్నాయి అనుకున్నాను. ఎక్కడ ఇరుక్కుంటోందో మాత్రం దొరకలేదు. ఆ వారం డైరీలో రోజూ ఒకటే రాశాను: ఏమీ అర్థం కావడం లేదు.

ఆ నెల అప్‌డేట్ల శుక్రవారం రానే వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ మా ఆఫీసు నుంచే చేసేదాన్ని. ఈసారి అక్కడికే వెళ్లమన్నారు రమేష్ గారు. పదిన్నర దాటాక చేరాను. సర్వర్ గది తాళం సాంబశివరావు గారి దగ్గరుంది, ఆయన బ్యాంకుకు వెళ్లారు. ఎప్పటిలాగే "పన్నెండు దాటాక మొదలెడదాం" అని చెప్పి వెళ్లారట. అప్పటికి జనం భోజనాలకు లేస్తారు, అందుకే ఆ వేళ పెడతారు అనుకునేదాన్ని. హాల్లో ఎగుమతి రేట్లు పంపే పద్మావతి గారు తన పక్కన కుర్చీ చూపించారు. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ముడుచుకుని కూర్చున్నాను.

ఆవిడ చకచకా మెయిల్ రాస్తున్నారు. రొయ్యల ఫోటోలు, ల్యాబ్ రిపోర్టులు జతచేసి, ప్లాంటులో పదిమందికి కాపీ పెట్టి, పంపకుండా తన కంప్యూటర్‌లోనే సేవ్ చేసి, ఇంకోటి మొదలుపెడుతున్నారు. ఎదుటి టేబుల్ శ్రీను గారూ అంతే. అడగడానికి ధైర్యం కూడగట్టుకోవడానికే చాలాసేపు పట్టింది.

"అవి... పంపరాండీ?"

"ఇప్పుడా? రాహుకాలం కదమ్మా! పన్నెండు దాటనీ."

"ఆవిడ పోయినేడు రాహుకాలంలో రేటు పంపి, కంటైనర్ వెనక్కి తెప్పించుకున్నారు లెండి" అన్నారు శ్రీను గారు.

"అది రాహువు చేసింది కాదు నాయనా. కిలోకెన్ని రొయ్యలో ఆ కౌంటు తప్పేసిన మహానుభావుడు నా ఎదురుగానే కూర్చున్నాడు!"

అందరూ నవ్వారు. మా ఇంట్లో గోడకు చర్చి క్యాలెండరు తప్ప పంచాంగం ఎప్పుడూ లేదు. రాహుకాలం అనే మాట విన్నాను గానీ, దానికి రోజుకో వేళ ఉంటుందనీ, శుక్రవారం అది పదిన్నర నుంచి పన్నెండనీ ఆవిడ చెబితేనే తెలిసింది. విదేశాలకు వారం రేట్లు వెళ్లేది కూడా శుక్రవారమేనట.

పన్నెండైంది. హాలంతా ఒక్కసారిగా మౌసులు టకటకలాడాయి. నా ఒళ్లో కాపీ క్యూ సున్నా నుంచి పాకడం మొదలుపెట్టింది. నేను ఇంకా ఏమీ ముట్టుకోలేదు. ఫెయిలోవర్ ఇరుక్కోవడం వల్ల ఫైళ్లు పేరుకోవడం లేదు. ఫైళ్లు పేరుకోవడం వల్ల ఫెయిలోవర్ ఆగుతోంది. ఆ గుట్టంతా చేరి కలిసేదాకా ప్లాంటు సర్వర్ పని అందుకోలేకపోతోంది. నేను ఇన్నాళ్లూ దాన్ని తలకిందులుగా చదివాను.

అంతలో సాంబశివరావు గారు తాళం పట్టుకుని వచ్చారు. "రండి ఎస్తేరు గారూ, పన్నెండు దాటింది." ఆయనా రాహుకాలం దాటడం కోసమే ఆగేవారని అప్పుడు వెలిగింది.

"ఇప్పుడు వద్దండీ" అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్లీ చెప్పాను. స్క్రీన్ చూపించి, కారణం చెప్పాను.

ఆయన ముఖం మారింది. "అంటే ఏంటమ్మా, మా నమ్మకాలు మానుకోమంటావా?"

పారిపోవాలనిపించింది.

"కాదండీ. మీరు ఆగండి. మీరు ఆగిన వేళలోనే సర్వర్లకు తీరిక. వచ్చే శుక్రవారం నేను అప్పుడు చేస్తాను."

"రాహుకాలంలోనా! ఉన్న ఆర్డర్లు కూడా పోవడానికా?"

పద్మావతి గారు అందుకున్నారు. "ఆ అమ్మాయికి పట్టింపు లేదు కదండీ. తనే నొక్కుద్ది. మనమెవరం ముట్టుకోం."

ఆయన తాళం జేబులో వేసుకున్నారు. "ఈ ఒక్కసారే. తేడా వస్తే మీ రమేష్ గారితో మాట్లాడేది ఉండదు."

ఆ తర్వాతి శుక్రవారం పదకొండుకు సర్వర్ గదిలోకి వెళ్లాను. సాంబశివరావు గారు గడప అవతలే నిలబడ్డారు. కాపీ క్యూ సున్నా ఉందని చూసుకుని నొక్కాను.

కాసేపటికి ఆయన బయటినుంచి అడిగారు. "ఎప్పుడు మొదలెడతారమ్మా?"

"అయిపోయిందండీ."

ఆయన ఫోన్ తీసి తనకు తనే ఒక మెయిల్ పంపుకోబోయి, ఆగి, నా చేతికిచ్చారు. "మీరే పంపండి." పంపాను. వెంటనే వచ్చింది.

కరెంటు పోయి సర్వర్ దానంతటదే ఆగితే అది ఏ కాలమూ చూడదు. అందుకని ఫోటోలు మెయిల్‌లో కాకుండా విడిగా ఒకచోట పెట్టి లింకు పంపే పద్ధతి ఏర్పాటు చేశాం. క్లయింటు నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. ఆ మెయిళ్లన్నీ ఆగి ఉండే రాహుకాలం మంచిదా చెడ్డదా అన్నది మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. నాకు అదే అచ్చొచ్చింది మరి.

సర్వర్ రిపోర్టులో జరిగిందంతా ఉంటుంది. ఎవరు దేనికోసం ఏ పని చెయ్యకుండా ఆగి ఉన్నారో మాత్రం ఉండదు. అందుకే కొత్త క్లయింటు వస్తే ఇప్పుడు ముందు సర్వర్ తెరవను. వాళ్ల హాల్లో కూర్చుని, "మీరు ఇక్కడ ఏ పని ఎప్పుడు చెయ్యరండీ?" అని అడుగుతాను. అడగడానికి ధైర్యం చాలక, ఆ ప్రశ్నను ముందురోజే డైరీలో రాసుకుని మరీ వెళ్తాను.